కనుమకు అవతలి జిల్లా: లాహౌల్-స్పితి

బదిలీ ఉద్యోగుల ఇళ్లలో కొన్ని ఊళ్ల పేర్లు వినగానే అందరూ ఒక్క క్షణం మాట ఆపేస్తారు. ఆర్డరు కాగితం మీద ఆ పేరు కనబడితే పెద్దవాళ్లు అడిగే ప్రశ్నలు రెండే. అక్కడ బడి ఉందా? దారి ఏడాదిలో ఎన్ని నెలలు తెరిచి ఉంటుంది? మొదటి ప్రశ్న మీ అందరికీ అలవాటే. రెండో ప్రశ్న సైన్యంలోనో, సరిహద్దు రోడ్ల సంస్థలోనో, కొండ ప్రాంతపు బ్యాంకులోనో పనిచేసేవాళ్ల పిల్లలకు బాగా తెలుస్తుంది. హిమాచల్ ప్రదేశ్‌కు ఉత్తరపు కొసన ఉన్న లాహౌల్-స్పితి జిల్లా తరతరాలుగా ఆ రెండో ప్రశ్న అడిగించిన చోటు.

మేము తెలుగు పాఠాలు చెప్పుకుంటూ చాలా ఊళ్లు తిరిగాం. ఎక్కడ అడిగినా ఈ జిల్లా గురించి పిల్లలకు తెలిసింది పర్యాటకుల ఫొటోల్లో కనిపించేదే: మంచు, బౌద్ధ మఠం, మోటారు సైకిలు. అక్కడివాళ్లు ఏం పండిస్తారు, డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఎవరెవరి ఏలుబడిలో బతికారు అనే ప్రశ్నలకు ఫొటోల్లో జవాబు దొరకదు. వాటిని ఇక్కడ చూద్దాం. ఆ జవాబులన్నీ ఒక కనుమతో ముడిపడి ఉన్నాయి. కనుమ అంటే ఇక్కడ సంక్రాంతి మర్నాటి పండుగ కాదు. కొండల వరుసను దాటడానికి వీలున్న ఎత్తైన సందు. దాని పేరు రోహ్తాంగ్. ఎత్తు 3,978 మీటర్లు. మనాలీ వైపునుంచి వచ్చేవారికి ఈ జిల్లాకు అదే వాకిలి. ఆ వాకిలి ఏటా సుమారు నవంబరు మధ్య నుంచి మే వరకు మంచుతో మూసుకుపోయేది.

ముందు జిల్లా ఎంత పెద్దదో చూడండి. విస్తీర్ణం 13,800 చదరపు కిలోమీటర్ల పైమాటే. హిమాచల్‌లో ఇంతకన్నా పెద్ద జిల్లా లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడున్న మనుషులు 31,564 మంది. పోలికకు మన ఉమ్మడి గుంటూరు జిల్లాను తీసుకుందాం. దాని విస్తీర్ణం 11,391 చదరపు కిలోమీటర్లు, అంటే లాహౌల్-స్పితి కంటే చిన్నది. అదే 2011లో గుంటూరు జిల్లా జనం దాదాపు 49 లక్షలు. గుంటూరులో ఒక చదరపు కిలోమీటరుకు నాలుగు వందల మందికి పైగా ఉంటే, ఇక్కడ సగటున ఇద్దరు. ఆ ఇద్దరు కూడా ఎక్కడంటే అక్కడ ఉండరు. నది పక్కనో, వాగు దిగే చోటనో కాస్త చదునైన నేల దొరికితే అక్కడ పది ఇరవై ఇళ్లు ఉంటాయి. మిగిలినదంతా రాయి, మంచు, గాలి.

పేరులోనే తెలుస్తున్నట్టు ఇది ఒక జిల్లా కింద కట్టిన రెండు లోయలు. పశ్చిమాన లాహౌల్, తూర్పున స్పితి. లాహౌల్‌లో రెండు నదులున్నాయి. బారాలాచా కనుమకు ఒక పక్కన చంద్ర, మరో పక్కన భాగ పుడతాయి. పుట్టిన చోట రెండింటికీ నడుమ ఉన్నది ఒక్క కనుమే అయినా, అవి వేర్వేరు దిక్కులకు పోయి, కొండను చుట్టి తాండీ అనే చోట కలుస్తాయి. కలిసిన నది చంద్రభాగ. కిందికి పోయేకొద్దీ అదే చీనాబ్. వేదంలో అసిక్ని అని, గ్రీకుల రాతల్లో అకెసినెస్ అని ఉన్నది ఈ నదే. తాండీలోని పెట్రోలు బంకు దగ్గర "తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో" అన్న బోర్డు ఒకటి చాలా ఏళ్లు ఉండేది. లేహ్ వెళ్లే లారీ డ్రైవర్లకు అది హెచ్చరిక, పర్యాటకులకు ఫొటో.

స్పితి నది మాత్రం ఆగ్నేయంగా ప్రవహించి, కిన్నౌర్ జిల్లాలోని ఖాబ్ దగ్గర సట్లెజ్‌లో కలుస్తుంది. అంటే ఈ రెండు లోయల నీళ్లు సొంత జిల్లాలో ఎక్కడా కలుసుకోవు. చీనాబ్, సట్లెజ్‌లు పాకిస్తాన్‌లో ఒకటై పంజ్‌నద్ అయిన చోట కలుస్తాయి. నీళ్ల సంగతే కాదు, మనుషుల సంగతీ కొంత అంతే. లోయల మధ్య ఉన్న కుంజుమ్ కనుమ 4,500 మీటర్ల పైన ఉంటుంది. శీతాకాలమంతా అది మూతే. జిల్లా కేంద్రం కేలాంగ్ లాహౌల్‌లో ఉంది; స్పితికి పెద్ద ఊరు కాజా. (కాజా అనగానే మనకు తాపేశ్వరం గుర్తుకొస్తుంది. ఈ కాజాలో ఆ తీపి దొరకదు.) చలికాలంలో కేలాంగ్ నుంచి రోడ్డు మీద కాజాకు వెళ్లాలంటే సొంత జిల్లా విడిచి బయటికొచ్చి, కుల్లు, మండి, సిమ్లా, కిన్నౌర్ జిల్లాలు చుట్టి అవతలి కొసనుంచి మళ్లీ సొంత జిల్లాలో అడుగుపెట్టాలి. అందుకే కాజాలో అదనపు డిప్యూటీ కమిషనర్‌ను వేరే కూర్చోబెట్టారు.

ఇక వాన. రుతుపవనాల మేఘాలు దక్షిణాన పీర్ పంజాల్ కొండల వరుసకు తగిలి మనాలీ వైపే చాలావరకు కురిసిపోతాయి. కొండ దాటేసరికి మేఘంలో పెద్దగా సరుకు మిగలదు. దీన్నే వర్షచ్ఛాయ అంటాం. రాయలసీమ పిల్లలకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. పడమటి కనుమలు అనంతపురానికి చేసేది ఇదే. తేడా ఏమిటంటే లాహౌల్‌కు చలికాలంలో పడమటినుంచి వచ్చే గాలులు మంచు తెచ్చిపెడతాయి. పొలాల్లో వాన కోసం ఎవరూ ఆకాశం చూడరు. నిరుటి మంచు ఎంత పడిందని కొండ వైపు చూస్తారు. స్పితికి ఆ మంచు కూడా తక్కువ. అందుకే దాన్ని చలి ఎడారి అంటారు.

స్పితిలోని లాంగ్జా ఊరి చుట్టుపక్కల నేలలో చుట్టలు తిరిగిన రాళ్లు దొరుకుతాయి. అవి అమ్మోనైట్ అనే సముద్రజీవి శిలాజాలు. హిమాలయాలు లేవకముందు అక్కడ టెథిస్ అనే సముద్రం ఉండేది. మన పూజగదుల్లో, నేపాల్ గండకి నది నుంచి వచ్చే సాలగ్రామాలుంటాయి కదా, వాటిలో కనిపించే చక్రం కూడా ఈ జీవిదే. సముద్రపు అడుగు నాలుగు వేల మీటర్లు పైకి లేచిందంటే నమ్మడం కష్టమే. అందుకే భూగర్భ శాస్త్రవేత్తలు పంతొమ్మిదో శతాబ్దం నుంచి ఆ లోయకు వెళ్లి తవ్వి చూస్తున్నారు. ఆ రాళ్లను ఏరి తెచ్చుకోవద్దని ఇప్పుడు అక్కడివాళ్లే అడ్డు చెబుతున్నారు. మంచిదే.

చరిత్రకు వస్తే, ఈ జిల్లాను ఏలినవాళ్లలో ఎక్కువమంది దాన్ని దూరంనుంచే ఏలారు. ఏడో శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ కుల్లూకు అవతల లో-హు-లో అనే దేశం ఉందని రాశాడు. అది లాహౌలే అంటారు. స్పితి అంటే మధ్య దేశం అని అర్థం చెబుతారు. ఇటు భారతదేశానికి, అటు టిబెట్‌కు నడుమ ఉంది కాబట్టి ఆ పేరు సరిపోయింది. క్రీ.శ. 996లో పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజుల కాలంలో కట్టిన తాబో మఠం ఇంకా నిలిచి ఉంది. మట్టి గోడలు, మట్టి కప్పు, లోపల రంగుల చిత్రాలు. వెయ్యేళ్లు వాన తగలకపోతేనే మట్టి గోడ అంతకాలం నిలుస్తుంది. ఎడారి వల్ల కలిగిన మేలు అది.

లాహౌల్ కొంతకాలం లదాఖ్ రాజుల కింద, తర్వాత కుల్లు రాజుల కింద ఉంది. కింది భాగం చంబా రాజులది. అక్కడి ఉదయ్‌పూర్ ఊరికి ఆ పేరు చంబా రాజు ఉదయ్ సింగ్ వల్ల వచ్చింది. దగ్గరలోని త్రిలోకనాథ్ గుడిలో ఒకే మూర్తిని హిందువులు శివుడని, బౌద్ధులు అవలోకితేశ్వరుడని కొలుస్తారు. ఎవరూ ఎవరినీ గుడి బయట నిలబెట్టరు. పందొమ్మిదో శతాబ్దంలో సిక్కులు కుల్లుతో పాటు లాహౌల్‌ను తీసుకున్నారు. 1846లో అది బ్రిటిష్ వాళ్ల చేతికి వెళ్లింది. స్పితి అప్పటిదాకా లదాఖ్‌తో ఉండేది. టిబెట్ నుంచి వచ్చే ఉన్ని దారి తమ చేతిలో ఉండాలని బ్రిటిష్ వాళ్లు వేరే చోటు ఇచ్చి స్పితిని తీసుకున్నారు. తీసుకున్నారన్న మాటే గానీ, అక్కడ కూర్చుని ఏలడానికి ఎవరూ పోలేదు. లాహౌల్‌లో ఠాకూర్లు, స్పితిలో నోనో అనే వంశపారంపర్య పెద్ద పన్ను వసూలు చేసి, తగవులు తీర్చేవారు. 1873లో స్పితికి విడిగా ఒక నియమావళి రాసి నోనో అధికారాన్ని చట్టం చేశారు. కారణం కనుమే. ఆరేడు నెలలు చేరలేని చోటికి తహశీల్దారును పంపి ఏం చేస్తారు?

స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఇది పంజాబ్‌లోని కాంగ్రా జిల్లాలో భాగం. 1960లో విడి జిల్లా అయింది. 1966 నవంబరు 1న హిమాచల్ ప్రదేశ్‌లో చేరింది. ఈ రెండు తేదీల నడుమ 1962 ఉంది. చైనాతో యుద్ధం వల్ల టిబెట్ దారి మూతపడింది. అప్పటివరకు భాగ నది లోయలోని పట్సియో అనే చోట వేసవిలో సంత జరిగేది. లదాఖ్, టిబెట్ వైపునుంచి గొర్రెల మీద ఉప్పు, ఉన్ని, టంకణం వచ్చేవి. ఇటునుంచి ధాన్యం వెళ్లేది. ఆ వ్యాపారం పోయింది. కొండకు అవతలి దారి మూసుకుపోయి, ఇవతలి దారి సగం ఏడాది మాత్రమే తెరిచి ఉండే జిల్లా ఎలా బతకాలి? ఈ ప్రశ్నకు లాహౌల్ రైతులు చెప్పిన జవాబు మాకు చాలా ఇష్టం. దాన్ని కాస్త నింపాదిగా చెబుతాం.

అక్కడ ఏడాదికి పంట ఒకటే. మేలో మంచు కరిగాక విత్తి, సెప్టెంబరు అక్టోబరుల్లో ఇంటికి చేర్చాలి. పూర్వం బార్లీ, కాఠూ అనే కొండ గింజ, కాస్త గోధుమ వేసేవారు. ఇంట్లో తినడానికే అది చాలీచాలదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో కూఠ్ అనే మందు మొక్కను పొలాల్లో పెంచడం మొదలైంది. కూఠ్ అంటే మీకు కొత్తగా ఉండవచ్చు; మన పచారీ కొట్లో అమ్మమ్మలు అడిగే చెంగల్వకోష్టు ఇదే. దాని వేరుకు సువాసన ఉంటుంది. చైనాలో ధూపానికి, మందులకు కొనేవారు. కొంతకాలం లాహౌల్‌లో కూఠ్ పండించిన ఇల్లు కలిగిన ఇల్లు. తర్వాత ధర పడిపోయింది. పరాయి దేశంలోని ఒక్క బజారు మీద ఆధారపడితే ఏమవుతుందో వాళ్లకు తెలిసొచ్చింది.

అప్పుడు బంగాళాదుంప ముందుకొచ్చింది. ఆలుగడ్డ అనండి, ఉర్లగడ్డ అనండి, మీ ఊరి మాట మీది. 1850లలో కేలాంగ్‌లో స్థిరపడిన మొరేవియన్ క్రైస్తవ మిషనరీలు దాన్ని అక్కడికి తెచ్చారు. (మేజోళ్లు అల్లడం నేర్పింది కూడా వాళ్లేనంటారు. రంగురంగుల లాహౌలీ మేజోళ్లకు, చేతి తొడుగులకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు ఉంది.) వందేళ్ల పాటు అది పెరటి పంటగానే ఉండిపోయింది. దాని అసలు విలువ తినే దుంపలో లేదు, విత్తనపు దుంపలో ఉంది.

ఇది ఎలాగో అర్థం చేసుకోవాలి. బంగాళాదుంపను గింజతో వేయరు. దుంపనే ముక్కలు కోసి నాటుతారు. తల్లి దుంపకు వైరస్ తెగులు ఉంటే పిల్ల దుంపలన్నిటికీ వస్తుంది. ఏటేటా దిగుబడి పడిపోతుంది. ఆ వైరస్‌ను మొక్క నుంచి మొక్కకు మోసేది పేనుబంక అనే చిన్న పురుగు. మైదానాల వెచ్చదనంలో పేనుబంక విపరీతంగా పెరుగుతుంది. లాహౌల్ చలికి, పొడి గాలికి అది నిలవలేదు. పైగా చుట్టూ కొండలు. బయటినుంచి తెగులు రావడానికీ కష్టమే. ఏ కనుమ మనుషుల్ని ఆరు నెలలు బందీలను చేసిందో, అదే కనుమ వాళ్ల దుంపను శుభ్రంగా ఉంచింది!

1966లో అక్కడి రైతులు లాహౌల్ బంగాళాదుంప సంఘం అనే సహకార సంఘం పెట్టుకున్నారు. దుంపను రోహ్తాంగ్ దాటించి మనాలీ చేర్చడం, ఏరి గ్రేడు చేయడం, బెంగాల్, గుజరాత్ వంటి రాష్ట్రాల రైతులకు అమ్మడం సంఘం పని. వాళ్లు ఎక్కువగా పండించిన రకం పేరు కుఫ్రి చంద్రముఖి. సినిమా పేరు కాదు. సినిమాకన్నా చాలా ముందుది. 1968లో సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ విడుదల చేసిన రకం. ఒక్కో రైతుకు ఉన్న నేల కొద్దిపాటిదే అయినా విత్తనానికి మామూలు దుంప కన్నా మంచి ధర వచ్చేది. ఆ డబ్బుతో చాలా కుటుంబాలు పిల్లల్ని కుల్లులోనో సిమ్లాలోనో చదివించాయి, కుల్లు లోయలో రెండో ఇల్లు కట్టుకున్నాయి. ఈ మారుమూల జిల్లానుంచి అంతమంది అధికారులు, ఉపాధ్యాయులు ఎలా వచ్చారని ఎవరైనా అడిగితే, మేము ముందు చెప్పేది ఈ దుంప పేరే.

అదే సిమ్లా సంస్థ, పేనుబంక పెరగకముందే మైదానాల్లో విత్తనం పండించి తీసేసే పద్ధతిని కూడా రూపొందించింది. దేశానికి అది గొప్ప మేలు. లాహౌల్ విత్తనానికి మాత్రం పోటీ వచ్చింది. రైతులు మళ్లీ చూపు మార్చారు. ఈసారి పచ్చి బఠాణీ, కాలీఫ్లవరు. మైదానాల్లో బఠాణీ చలికాలపు పంట. జులై ఆగస్టుల్లో ఢిల్లీ బజారులో ఉండదు. సరిగ్గా ఆ నెలల్లోనే లాహౌల్, స్పితి పొలాల్లో కాయ తయారవుతుంది. అందరూ అమ్మేటప్పుడు అమ్మితే ధర ఉండదు, ఎవరి దగ్గరా లేనప్పుడు అమ్మితే ఉంటుంది. ఈ చిన్న లెక్క మీద స్పితి ఊళ్ల బతుకు మారిపోయింది.

ఈ పంటలన్నిటికీ నీరు కూల్ అనే కాలువల్లోంచి వస్తుంది. పైన కరిగే మంచు నీటిని కొండ వాలు వెంట మైళ్ల కొద్దీ తెచ్చి పొలానికి మళ్లిస్తారు. ఏటా వసంతంలో ఊరంతా కలిసి దాన్ని బాగు చేసుకోవాలి. నీళ్లు వంతులవారీగా పారించుకోవాలి. తెలంగాణ చెరువుల కింద తూము తీసే నీరటి ఉండేవాడు చూశారా, అటువంటి కట్టుబాటే ఇక్కడ కొండ మీద నడుస్తుంది. స్పితిలో నేల ముక్కలైపోకుండా పాత రోజుల్లో ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. పెద్ద కొడుకుకే ఇల్లు, పొలం, నీటి వంతు. తమ్ముళ్లలో చాలామంది మఠంలో చేరేవారు. నేటి కంటికి అది అన్యాయం. అయితే ఒక కాలువ ఎన్ని నోళ్లకు సరిపోతుందన్న లెక్క దాని వెనుక ఉంది.

చలికాలం ఎలా గడిచేదో కూడా తెలియాలి. నవంబరు లోపల బియ్యం, పప్పు, కిరసనాయిలు, మందులు, పశువుల గడ్డి అన్నీ ఇంట్లో ఉండాలి. గడ్డి, కట్టెలు ఇంటి కప్పు మీదే పేరుస్తారు. కుళాయి గొట్టాలు గడ్డకడతాయి. కుటుంబమంతా పొయ్యి ఉన్న ఒక్క గదిలోకి చేరి ఉన్ని వడుకుతుంది. జబ్బు చేస్తే? ప్రభుత్వం హెలికాప్టరు నడిపేది, ఆకాశం తేటగా ఉన్న రోజున. సీటు కోసం పేర్లు రాసుకుని రోజుల తరబడి ఎదురుచూసేవారు. లేదంటే నడకే. అలా నడిచేవాళ్ల కోసం కనుమకు ఇటు మఢీలో, అటు కోక్సర్‌లో రక్షణ శిబిరాలు పెట్టేవారు. రోహ్తాంగ్ అన్న పేరుకు భోటీ భాషలో శవాల మైదానం అని అర్థం చెబుతారు. ఊరికే పుట్టిన పేరు కాదది.

ప్రభుత్వపు క్యాలెండరు కూడా ఇక్కడ మంచుకు వంగి నడుస్తుంది. దేశమంతటికీ 2011 జనాభా లెక్క మార్చి 1 నాటిది. ఇలాంటి మంచు ప్రాంతాల్లో మాత్రం 2010 అక్టోబరు 1 నాటిది. 2007 శాసనసభ ఎన్నికల్లో హిమాచల్‌లో ఎక్కువ చోట్ల డిసెంబరులో ఓట్లు వేస్తే, ఇక్కడ దారి మూసుకోకముందే నవంబరులో వేయించారు.

2020 అక్టోబరు 3న ఈ కథ మలుపు తిరిగింది. రోహ్తాంగ్ కింద 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం ఆ రోజు తెరుచుకుంది. ప్రకటన 2000లో వచ్చింది. తవ్వకం 2010లో మొదలైంది. సేరీ వాగు అడుగున రాయి నలిగి, నీళ్లు ఉబికి రావడంతో కొద్ది దూరం తవ్వడానికే ఏళ్లు పట్టింది. సరిహద్దు రోడ్ల సంస్థ ఇంజినీర్లు, దేశం నలుమూలల కూలీలు ఆ నీటిలో నిలబడి పనిచేశారు. ఇప్పుడు మనాలీ నుంచి లేహ్ దారిలో 46 కిలోమీటర్లు తగ్గాయి. గంటల కొద్దీ ఎక్కి దిగే కనుమను వాహనం నిమిషాల్లో దాటేస్తుంది. ప్రసవానికి జనవరిలో కుల్లు ఆసుపత్రికి వెళ్లవచ్చు. పండిన కాలీఫ్లవరు ఆ రోజే బజారుకు బయలుదేరుతుంది. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడేవాళ్లు అక్కడ ఒక్క శీతాకాలం కూడా ఉండి ఎరుగరని మా అభిప్రాయం.

అయితే తలుపు తెరిస్తే గాలి రెండు వైపులా వీస్తుంది. సొరంగం ఉత్తరపు నోటికి దగ్గరి ఊరు సిస్సు. ఒకప్పుడు చలికాలంలో అక్కడ కాకి అరిస్తే వినిపించేంత నిశ్శబ్దం. ఇప్పుడు మంచు పడగానే వందల కార్లు, మంచు మీద ఆటలు, చెత్త. జనవరి ఫిబ్రవరుల్లో లాహౌల్‌లో హల్డా మొదలైన పండుగలు వస్తాయి. దేవతల కోసం కొన్నాళ్లు ఊరంతా శబ్దం లేకుండా ఉండడం ఆచారం. ఆ వారాల్లో పర్యాటకుల ఆటపాటలు ఆపాలని సిస్సు వైపు పంచాయతీలు తీర్మానించాయి. హోటలు, టీ కొట్టు పెట్టుకున్నవాళ్లు కూడా ఆ ఊరివాళ్లే కాబట్టి ఆ తీర్మానం వాళ్ల సొంత సంపాదనను వాళ్లే ఆపుకున్నట్టు. డబ్బు వచ్చే నెలలో డబ్బు వద్దనడం ఎంత కష్టమో పెద్దవాళ్లను అడగండి.

అంతకన్నా పెద్ద బెంగ మంచుది. చంద్ర లోయలోని ఛోటా షిగ్రీ హిమానీనదాన్ని శాస్త్రవేత్తలు 2002 నుంచి ఏటా కొలుస్తున్నారు. చేరే మంచుకన్నా కరిగే మంచే ఎక్కువగా ఉంటోంది. సిస్సుకు పైన గేపాంగ్ గథ్ హిమానీనదం ముందు ఒక సరస్సు ఏళ్ల తరబడి పెరుగుతూ వస్తోంది. అది కట్ట తెంచుకుంటే ఏమవుతుందని లెక్కలు వేస్తున్నారు. ఆ శిఖరం లాహౌల్ ప్రజల ప్రధాన దైవం రాజా ఘేపన్ పేరు మోసేది కావడం వల్ల ఈ వార్త అక్కడివాళ్లకు అంకెలతో ఆగదు. 2018 సెప్టెంబరులో మంచు అకాలంగా పడి, దుంపలు నేలలోనే ఉండిపోయాయి, కాయలతో ఉన్న ఆపిల్ కొమ్మలు విరిగాయి. 2021 జులైలో తోజింగ్ వాగు పొంగి ప్రాణాలు పోయాయి. ఆ ఆగస్టులోనే నాల్డా ఊరి దగ్గర కొండచరియ విరిగి చంద్రభాగ కొన్ని గంటలు ఆగిపోయింది. వాన ఎరుగని లోయలో ఇళ్లకు మట్టి కప్పులు. ఇప్పుడు వేసవిలో వాన పడితే అవి కారుతున్నాయి. రేకులు వేసుకుంటే చలి.

విత్తనపు దుంప మాటేమిటి? ఏడాది పొడవునా లారీలు తిరిగే లోయకు పాతకాలపు ఏకాంతం ఉండదు. బయటి దుంప, బయటి నారు, దానితో బయటి తెగులు రావచ్చు. చలి తగ్గితే పేనుబంకకూ చోటు దొరకవచ్చు. రైతులు ఆపిల్, లెట్యూస్, బ్రోకలీ వంటి కొత్త పంటలకు తిరుగుతున్నారు. కూఠ్ నుంచి దుంపకు, దుంప నుంచి బఠాణీకి మారినవాళ్లకు మారడం కొత్త కాదు. కాలువలో నీళ్లు ఉన్నంతవరకే ఏ మార్పయినా.

ఇంకో సొరంగం పని కూడా నడుస్తోంది. లాహౌల్ నుంచి జన్స్కార్ వైపు దారి కోసం షింకు లా కనుమ కింద 4.1 కిలోమీటర్ల సొరంగానికి 2024 జులై 26న మొదటి పేలుడు జరిగింది. అది పూర్తయితే లేహ్‌కు చలికాలంలోనూ వెళ్లే దారి ఒకటి ఈ జిల్లా మీదుగా ఉంటుంది. కుంజుమ్ మాత్రం ఇప్పటికీ మంచు చెప్పినట్టే వింటోంది. కనుక జనవరిలో కేలాంగ్ నుంచి కాజా ఆఫీసుకు బదిలీ అయిన గుమాస్తా సామాను, అటల్ సొరంగంలోంచి బయటపడి, నాలుగు జిల్లాలు చుట్టి, తన జిల్లాకే చేరుతుంది.